గణనశాస్త్రమునఁ బ్రథమపాఠము

ఏ శాస్త్రమునందైనను మొదటి పాఠము విద్యార్థిబుద్ధికి మూసవంటిది. తరువాత నేర్చినదెల్ల నా మూసలోనే రూపు దాల్చును. కంప్యూటరు విద్యకు మూలమగు గణనశాస్త్రమునఁ బ్రథమపాఠ మేది కావలయునను వివాదము, ఇరువదవ శతాబ్ది తుది పాదము నుండి పాశ్చాత్య విశ్వవిద్యాలయములలో సాగినది. అందొక పక్షమువారు ఫంక్షనల్ ప్రోగ్రామింగును, తర్కమును జంటగా ముందు నేర్పవలెనందురు.

ఫంక్షన్ అనఁగా గణితమునందలి ప్రమేయము. న్యాయశాస్త్రమునందలి ప్రమేయము వేఱు. ఇచ్చిన యొక్కొక్క విలువకు నియమముగా నొక్కొక్క ఫలమును జూపునదే గణితప్రమేయము. సాధారణ ప్రోగ్రాములలోఁ బేరు పెట్టెవంటిది. అందలి విలువ పలుమాఱులు మాఱుచుండును. ప్రమేయపద్ధతిలోఁ బేరున కర్థ మొక్కటే. కావున బీజగణితమునందువలె సమానమునకు బదులు సమానమును నిలిపి ప్రోగ్రామును బరీక్షింపవచ్చును. ఉదాహరణమునకు, ఒక పట్టికయందలి పదములను లెక్కింపవలెను. పట్టిక శూన్యమైనచో ఫలము సున్న; కానిచో మొదటి పదమును విడిచి, మిగిలినవాని సంఖ్యకు నొకటి కలుపవలెను. ఈ రెండు వాక్యములే ప్రోగ్రాము. రెండు పట్టికలను జేర్చినచో వాని సంఖ్యల మొత్తమే వచ్చునని సాధింపఁగోరు తార్కికుఁడును సరిగా నీ రెండు పక్షములనే గ్రహించి గణితానుగమనముచే నిరూపించును.

ఈ పొందిక యాదృచ్ఛికము గాదు. 1932లోఁ బ్రిన్స్‌టన్ పండితుఁడు అలోంజో చర్చి తర్కమునకుఁ బునాదిగా నొక ప్రమేయతంత్రమును బ్రకటించెను. అది స్వవిరుద్ధమని 1935లో నాతని శిష్యులు క్లీనీ, రాసరులే చూపిరి. అయినను, అందలి గణనభాగము లాంబ్డాకలనమను పేర నిలిచి, 1936లో గణనమున కెల్లలను నిర్ణయించుటకు సాధనమయ్యెను. జాన్ మెకార్తీ 1958లో నారంభించిన లిస్పు భాషలో లాంబ్డాసంకేతము చేరెను. 1970ల దశకమున ఎడింబరోలో రాబిన్ మిల్నరు నిరూపణములు చేయు యంత్రము నడపుటకై ఎంఎల్ భాషను గల్పించెను. కర్రీ 1934లో సూచించిన సాదృశ్యమును హవర్డు 1969లో విస్తరించెను: నిరూపణ మొక ప్రోగ్రాము వంటిది, ప్రతిజ్ఞ దాని జాతి వంటిది. 1990లో వెలువడిన హాస్కెల్ భాషకు నా కర్రీ పేరే పెట్టఁబడెను.

పాఠశాలలోని కథ యింత సుగమముగా సాగలేదు. 1985లో మసాచుసెట్సు సాంకేతికవిద్యాసంస్థకుఁ జెందిన ఏబెల్సన్, సస్మనులు లిస్పు సంతతిదగు స్కీము భాషతోఁ బ్రథమపాఠగ్రంథమును రచించిరి. 1988లో బర్డు, వాడ్లరుల గ్రంథము వచ్చెను. ఆ యేఁటనే డైక్‌స్ట్రా, క్రొత్త విద్యార్థి ప్రోగ్రామును యంత్రముపై నడపక నిరూపణమునే యభ్యసింపవలెనని వాదించెను. ప్రతిపక్షమువారి మాటయుఁ దేలికగాఁ ద్రోసివేయఁదగినది గాదు: విద్యార్థి రేపు పనిలోఁ జేరవలయును; పరిశ్రమలలో వాడుక భాష వేఱు. 2001లో ఆస్టిన్‌నందలి టెక్సాసు విశ్వవిద్యాలయమున ప్రథమపాఠమునకు హాస్కెల్ బదులు జావాను బెట్టఁదలఁపఁగా, విశ్రాంతుఁడైన డైక్‌స్ట్రా వలదని యధికారులకు లేఖ వ్రాసెను. ఆ మనవి ఫలింపలేదు. మఱుసటి యేఁట నాతఁడు గతించెను. 2008 నాఁటికి మసాచుసెట్సులోను స్కీము స్థానమునఁ బైథాన్ భాష వచ్చెను.

అయినను బ్రవాహ మొకదిక్కునకే సాగలేదు. 2011లోఁ గార్నెగీమెలన్ విశ్వవిద్యాలయము స్టాండర్డు ఎంఎల్‌తో మొదటి యేఁటివారికి ఫంక్షనల్ ప్రోగ్రామింగును బ్రారంభించెను. ఎడింబరోలో నాచార్యులు హాస్కెల్‌ను, తర్కమును మొదటి సంవత్సరముననే బోధించి, పిదప రెంటిని నొక్క పాఠ్యక్రమముగాఁ గూర్చిరి. సనెల్లా, ఫోర్మన్, పెంగ్, వాడ్లరుల పాఠ్యగ్రంథ మా బోధనకు ఫలము.

ప్రోగ్రాము నడచుట వేఱు, సరియైన దగుట వేఱు. మొదటిదానిని యంత్రమే చూపును. రెండవదానికి హేతువు చెప్పవలసినవాఁడు మనుష్యుఁడు. ఆ హేతువును జెప్పు నలవాటు మొదటి పాఠముననే పడవలయునా, పని నేర్చిన తరువాతఁ బడినఁ జాలునా యనునదే యీ వివాదమునకు సారము. వలయునను పక్షము 2001లో నోడినను, దాని ప్రశ్న మాత్రము తరగతిగదిని విడువలేదు.