షేక్‌స్పియర్ మీద టాల్‌స్టాయ్ ముకద్దమా

ఫిఖ్‌హ్ సంగతి వేరు. అదబ్‌లో మాత్రం గుడ్డి తఖ్లీద్ మంచిది కాదు. బుజుర్గులు ఎవరినైనా గొప్పవాడన్నారంటే మనమూ తలూపేస్తాం. రష్యాలో ఒక బుజుర్గే ఇలా తలూపనని మొండికేశాడు.

ఆయన లియో టాల్‌స్టాయ్. జవానీ నుంచీ షేక్‌స్పియర్‌ను రష్యన్, ఇంగ్లీషు, జర్మన్ జబాన్లలో పదేపదే చదివాడు. ప్రతిసారీ విసుగే. లోపం తనదేనేమోనని 75 ఏళ్ళ వయసులో మళ్ళీ మొత్తం చదివాడు. 1906లో అచ్చయిన వ్యాసంలో ఫైసలా చెప్పాడు: ఈయన మహాకవి కాదు సరికదా, మామూలు రచయిత కూడా కాదు!

ముఖ్యంగా 'కింగ్ లియర్' మీద పడ్డాడు. ఆగా హష్ర్ కాశ్మీరీ 'సఫేద్ ఖూన్'గా ఉర్దూ స్టేజీకి తెచ్చిన కిస్సా అదే. టాల్‌స్టాయ్ ఎత్రాజ్‌లు ఇవీ: పాత్రలందరిదీ ఒకే ఆడంబరపు జబాన్. గరీబులంటే చులకన. దీన్ పునాది లేదు. ఇదే కథతో అంతకుముందున్న పాత నాటకంలో, బేగం చనిపోయాక రాజు రూహ్ గురించి ఆలోచించి తఖ్త్ వదులుకుంటాడు. షేక్‌స్పియర్ ఆ కారణాన్నే తీసేశాడు. ఇక ఆయన షోహ్రత్ అంటారా, అది జర్మన్ విమర్శకులు అంటించిన జబ్బు!

ఈ హిమ్మత్‌కు నేను సలాం చేస్తాను. ఫైసలాను మాత్రం ఒప్పుకోను. నా గవాహ్ టాల్‌స్టాయ్ కలమే.

ఆ ఏళ్ళలోనే ఆయన 'హాజీ మురాద్' నావెల్ రాస్తున్నాడు. ఆయన ఇంతెకాల్ తర్వాత 1912లో అచ్చయింది. హీరో ఇమామ్ షామిల్ నాయిబ్, అవార్ ముసల్మాన్. ఇమామ్‌తో చెడి 1851లో రష్యన్ల వైపు వెళ్ళాడు. ఖాందాన్‌ను విడిపించుకోవడానికి వాళ్ళ దగ్గర్నుంచీ పారిపోతూ 1852లో చనిపోయాడు. ఫరిష్తా కాదు, షైతాన్ కాదు. టాల్‌స్టాయ్ అతనికి ఏ సబఖ్ చెప్పించలేదు. రష్యన్ ఫౌజ్ కాల్చేసిన పల్లెలో నీటి ఊటనూ మసీదునూ ఎలా పాడుచేశారో చూపించాడు, అంతే. ఉపన్యాసం లేకుండానే జుల్మ్ మన గుండెకు తగులుతుంది.

షేక్‌స్పియర్‌లో నేరంగా చూసింది ఇదే కదా! మనిషిని మనిషిగా నిలబెట్టి, ఫైసలా చదివేవాళ్ళకు వదిలేయడం.

1947లో జార్జ్ ఆర్వెల్ ఇంకో మాట పట్టుకున్నాడు: టాల్‌స్టాయ్‌కి లియర్ మీద అంత కోపం ఎందుకంటే, లియర్ తనలాంటివాడే కాబట్టి. 1910లో 82 ఏళ్ళ టాల్‌స్టాయ్ రాత్రికి రాత్రి ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు, అస్తాపోవో అనే చిన్న రైల్వేస్టేషన్‌లో కన్నుమూశాడు. చివర్లో ఆయన దగ్గరున్నది, లియర్‌కి లాగే, ప్రేమించిన చిన్న కూతురు.

మీ పిల్లలు ఏ ఉస్తాద్ కితాబ్ నచ్చలేదన్నా కసురుకోకండి. ఎందుకో అడగండి. తర్వాత ఇంకోసారి చదవమనండి.