యువరాజ శబ్దం: అర్థం, అధికారం

భిలాయి ఉక్కు కర్మాగారానికి అనతిదూరంలో దేవబలోదా గ్రామంలో కలచురుల కాలపు శివాలయం ఒకటి ఉంది. 1955 నాటి భారత-సోవియట్ ఒప్పందంతో రూపుదిద్దుకొన్న ఈ నగరానికి ఉపాధికై తరలివచ్చిన తెలుగు కుటుంబాలు అనేకం. ఆ ఆలయాన్ని దర్శించే తెలుగువారికి కలచురి వంశావళిలో ఒక విశేషం ఆసక్తి కలిగిస్తుంది. రతన్‌పూర్ నుండి ఛత్తీస్‌గఢ్ ప్రాంతాన్ని ఏలిన కలచురులకు మూలశాఖ జబల్‌పూర్ సమీపంలోని త్రిపురి. పదవ శతాబ్దిలో ఆ శాఖలో యువరాజదేవుడన్న పేరుతో ఇద్దరు రాజులు పాలించారు. మొదటివాని ఆస్థానంలోనే రాజశేఖరుని 'విద్ధసాలభంజిక' ప్రదర్శితమైంది. పట్టాభిషిక్తుడైన రాజుకు యువరాజన్న పేరేమిటన్న సందేహం సహజం. ఇద్దరూ అన్నల తరువాత సింహాసనం ఎక్కినవారన్నది ఇక్కడ గమనించదగిన సంగతి.

రాజకుమారుడన్నది షష్ఠీ తత్పురుషం. రాజు యొక్క కుమారుడని విగ్రహం. యువరాజన్నది కర్మధారయం, యువకుడైన రాజు. మొదటిది జన్మవల్ల వచ్చేది, రెండవది అభిషేకంవల్ల సంక్రమించే పదవి. ఈ భేదాన్ని కౌటిల్యుడు అంకెల్లోనే చూపాడు: అర్థశాస్త్రంలో యువరాజుకు మంత్రి, పురోహిత, సేనాపతులతో సమానంగా 48,000 పణాలు, కుమారులకు 12,000 మాత్రమే. ఇంట్లో పసివాణ్ణి ముద్దుగా యువరాజని పిలిచే తల్లులకు ఈ లెక్కతో పనిలేదు!

ఆ పదవి కొడుకుకే చెందాలన్న నియమమూ లేదు. వాల్మీకి రామాయణంలో సుగ్రీవుడు వాలి కుమారుడైన అంగదుణ్ణి యువరాజును చేశాడు. పట్టాభిషేకానంతరం రాముడు యౌవరాజ్యాన్ని లక్ష్మణునికి ఇవ్వబోగా అతడు అంగీకరించలేదు. అప్పుడది భరతునికి దక్కింది.

తెలుగునేలపై ఈ పదవికి శాసనాధారం ప్రాచీనమైనదే. పల్నాటి ప్రాంతంలో దొరికిన మైదవోలు ప్రాకృత తామ్రశాసనంలో పల్లవ యువమహారాజు శివస్కందవర్మ కాంచీపురం నుండి ధాన్యకటకంలోని అధికారికి ఆజ్ఞ పంపాడు. రాజు కాకముందే భూదానం చేయగల అధికారం అతనికి ఉండేదన్నమాట.

అయితే ఈ పదవి చరిత్రగతిని మార్చిన ఘట్టం చాళుక్యులది. కీర్తివర్మ మరణానంతరం రాజ్యమేలిన అతని తమ్ముడు మంగళేశుడు సింహాసనాన్ని సొంత కుమారునికి కట్టబెట్టజూశాడనీ, కీర్తివర్మ కుమారుడైన రెండవ పులకేశి అతనితో పోరి రాజ్యం గెలుచుకొన్నాడనీ 634 నాటి ఐహొళె శాసనం చెబుతుంది. పినతండ్రితో అటువంటి అనుభవం చవిచూసినవాడు తన తమ్ముణ్ణి దూరంగా ఉంచి ఉంటే ఆశ్చర్యపడనక్కరలేదు. పులకేశి చేసింది వేరు. తమ్ముడైన కుబ్జవిష్ణువర్ధనునికి యౌవరాజ్యమిచ్చాడు. పులకేశి ఎనిమిదవ రాజ్య సంవత్సరపు సతారా శాసనంలో దాత ఆ యువరాజే. వైరానికి తావివ్వక అధికారంలో భాగమివ్వడమే అన్నగారి ఆలోచన అనిపిస్తుంది. తరువాత వేంగి మండలం కూడా అతని పాలనకే వచ్చింది. ఆ యువరాజు నెలకొల్పిన తూర్పు చాళుక్య వంశంలోనే నాలుగు శతాబ్దాల అనంతరం రాజరాజనరేంద్రుడు జన్మించాడు. అతని కోరికపైనే నన్నయభట్టు మహాభారతాన్ని తెలుగు చేయ పూనుకొన్నాడు.