కాలేజీ గడప తొక్కని అర్థశాస్త్రం

మన విశ్రాంత ఉద్యోగుల సర్వీసు రిజిస్టర్లలో విద్యార్హతల పుటను చూసినవారికి ఒక వరుస తెలిసే ఉంటుంది. మొదట ఎస్.ఎస్.ఎల్.సి., తరువాత ఉద్యోగం, ఎనిమిదేళ్ళకో పదేళ్ళకో ఇంటర్మీడియట్, దాని ప్రక్కన ‘ప్రైవేటు’ అన్న మాట. ఆ ఇంటర్‌లో తీసుకున్న పాఠ్యాంశాలు అడిగితే అర్థశాస్త్రం పేరు రాకుండా ఉండదు. బెళుగుప్ప వంటి కరువు సీమ ఊళ్ళలో ఉపాధ్యాయులు, గుమాస్తాలు, గ్రామోద్యోగులు ఇంతమంది అర్థశాస్త్రమే ఎందుకు చదివారు? అభిరుచి వల్లనే అనుకుంటే పొరపాటు.

కాస్త వెనక్కు వెళ్ళాలి. పాత రెండేళ్ళ ఇంటర్మీడియట్‌ను తీసివేసి ఒక సంవత్సరం పి.యు.సి., ఆపైన మూడేళ్ళ డిగ్రీ అనే ఏర్పాటు 1950ల మలిభాగంలో వచ్చింది. (మన సరిహద్దు దాటి బళ్ళారికి పోతే పి.యు.సి. అనే మాట నేటికీ వినిపిస్తుంది. మన వైపు పెద్దలు ఇంటర్‌ను కూడా పి.యు.సి. అనడం చాలా కాలం మానలేదు.) ఆ చదువుకు కాలేజీ కావాలి. 1916లో మొదలైన అనంతపురం దత్తమండల కళాశాల, అంటే నేటి ఆర్ట్స్ కళాశాల, జిల్లా అంతటికీ పెద్ద దిక్కు. బెళుగుప్ప నుండి అక్కడికి పోయి గది అద్దె, భోజనం ఖర్చు పెట్టుకొని చదవడం నాలుగెకరాల మెట్ట చేను గల ఇంటికి మోయలేని భారం. పైగా పాఠాలు ఆంగ్లంలో. పదకొండేళ్ళు తెలుగులో చదివిన పిల్లవాడికి పి.యు.సి. ఒక సంవత్సరం భాష నేర్చుకోవడంతోనే సరిపోయేది.

1968-71 మధ్య మూడు మార్పులు జరిగాయి. 1968లో తెలుగు అకాడమి ఏర్పడింది. 1969-70 నుండి పి.యు.సి. స్థానంలో రెండేళ్ళ ఇంటర్మీడియట్, దానితోపాటు తెలుగు మాధ్యమం వచ్చాయి. 1971లో ఇంటర్మీడియట్ విద్యా మండలి ఏర్పడింది. దూరవిద్య చరిత్ర చెప్పేవారు విశ్వవిద్యాలయాల కరెస్పాండెన్స్ కోర్సులతో మొదలుపెడతారు. 1962లో ఢిల్లీ, 1972లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పోస్టులో పాఠాలు పంపడం ప్రారంభించిన మాట నిజమే. కాని ఇంటర్ విశ్వవిద్యాలయాల చేతి నుండి మండలి చేతికి పోయింది గనుక ఆ పాఠాల కట్టలు డిగ్రీ చదివేవారికే. డిగ్రీకి ముందున్న మెట్టును ఎవరికి వారే ఎక్కాలి. అందుకు రెండే ఆధారాలు: తెలుగులో అచ్చయిన పాఠ్యపుస్తకం, హాజరు మినహాయింపు. కాలేజీలో చేరకుండా, మినహాయింపు రుసుము కట్టి నేరుగా పరీక్షకు కూర్చోవచ్చు. నా దృష్టిలో మన ప్రాంతపు అసలైన తొలి దూరవిద్య ఇదే. పాఠం పంపేవారు లేరు, దిద్దేవారు లేరు. ఉన్నదల్లా పుస్తకం, పరీక్ష తేదీ.

అయితే ఈ తలుపు సగమే తెరిచారు. ప్రయోగశాల అవసరమైన భౌతిక, రసాయన, జీవశాస్త్రాలకు ప్రైవేటు అభ్యర్థి పనికిరాడు. మిగిలినవి చరిత్ర, అర్థశాస్త్రం, పౌరశాస్త్రం, వాణిజ్యశాస్త్రం. లెక్కల్లో నూటికి తొంభై తెచ్చుకున్నవాడైనా ఉద్యోగంలో ఉంటూ చదవాలంటే ఈ గుంపులోకి రావలసిందే. ‘హెచ్.ఇ.సి. అంటే చదువు రానివాళ్ళ గ్రూపు’ అని ఎగతాళి చేసినవారికి ఈ సంగతి తెలియదు. అది తెలివికి సంబంధించిన ఎంపిక కాదు, తెరిచి ఉన్న తలుపు అదొక్కటే.

ఇక ఆ పుస్తకంతో ఒంటరిగా కూర్చున్నవాడి అవస్థ వేరు. తెలుగు మాధ్యమం అన్నారు గాని ‘క్షీణోపాంత ప్రయోజన సూత్రం’ అన్న మాటను విడదీసి చెప్పే పంతులు లేకపోతే అది ఆంగ్లం కన్నా దూరమే. నేనూ ఆ దారిన నడిచినవాడినే. క్షీణ, ఉపాంత అని రెండు ముక్కలు చేసుకొని, ఆకలిగా ఉన్నప్పుడు మొదటి రాగి ముద్ద ఇచ్చిన తృప్తి రెండవది ఇవ్వదు, మూడవది ఇంకా ఇవ్వదు అని అర్థం చేసుకోవడానికి నాలుగు రోజులు పట్టింది. వ్యాకోచత్వం, ఉదాసీనతా వక్రరేఖలు, ప్రచ్ఛన్న నిరుద్యోగిత అన్నీ అలాగే లొంగదీసుకోవాలి. చివరిది మాత్రం మాకు వెంటనే తెలిసింది. ఇద్దరు చేసే కలుపుకు ఇంటిల్లిపాదీ చేను మీదకు పోవడం చూస్తూ పెరిగినవాళ్ళం గదా!

మొదటి అధ్యాయం నిర్వచనాలది. 1776 నాటి ఆడమ్ స్మిత్ సంపద నిర్వచనం, 1890 నాటి మార్షల్ శ్రేయస్సు నిర్వచనం, 1932 నాటి రాబిన్స్ కొరత నిర్వచనం. కోరికలు అపరిమితం, సాధనాలు పరిమితం, ఒక్కొక్క సాధనానికి అనేక ఉపయోగాలు అన్నది రాబిన్స్ మాట సారాంశం. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే జిల్లాలో దీనికి వ్యాఖ్యానం అక్కరలేదు. ఇంట్లో దాచిన బుడ్డలు విత్తనానికా, నూనె గానుగకా, అప్పు తీర్చడానికా అన్న ప్రశ్న ప్రతి తొలకరికీ మా ఇళ్ళలో వచ్చేదే.

సప్లయి సూత్రం దగ్గర మాత్రం పేచీ వచ్చింది. ధర పెరిగితే సప్లయి పెరుగుతుందని పుస్తకం అంటుంది. మా దగ్గర ధర ఎంత పెరిగినా ఊడలు దిగే సమయానికి పదును లేకపోతే కాయ లేదు. సరే, పంట పోయింది గనుక మిగిలిన కాయకు ధర వస్తుందా అంటే అదీ నమ్మకం లేదు. దేశంలో వేరుశనగ ఎక్కువగా పండేది గుజరాత్‌లో. సౌరాష్ట్రలో పంట బాగుంటే మన కరువు మండీకి పట్టదు. 1994లో పామాయిల్ దిగుమతులు సరళం చేసిన తరువాత ధర మీద మన పంట ప్రభావం మరింత తగ్గింది. ‘ఇతర పరిస్థితులు మారనప్పుడు’ అని ప్రతి సూత్రం ముందూ ఒక షరతు ఉంటుంది. మనవాళ్ళు దాన్ని బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నారు. అది నిలిచిన సంవత్సరం ఒక్కటీ చూడలేదని జవాబు పత్రంలో వ్రాయడానికి వీల్లేదు.

1982 ఆగస్టు 26న, భవనం వెంకట్రామ్ ముఖ్యమంత్రిగా ఉండగా, ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. దేశంలో అదే మొదటిది. బ్రిటన్‌లో అటువంటిది 1969లో వచ్చింది. తొలి ఉపాధ్యక్షులు ఆచార్య జి. రామిరెడ్డి తరువాత 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి కూడా మొదటి ఉపాధ్యక్షులయ్యారు. 1991లో మన విశ్వవిద్యాలయానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. దీనిలో పెద్ద వింత ఏమంటే, ఇంటర్ లేకపోయినా నిర్ణీత వయస్సు నిండి అర్హత పరీక్షలో నెగ్గితే అప్పట్లో నేరుగా బి.ఎ.లో చేరగలిగేవారు. పాఠాలు తెలుగులో, ఒంటరిగా చదివేవాడితో మాట్లాడుతున్నట్లు వ్రాయించారు. రేడియోలో పాఠాలు, సెలవు దినాలలో తరగతులు. 1983లో పదవీ విరమణ వయస్సును 58 నుండి 55కు తగ్గించినప్పుడు అర్ధాంతరంగా ఇల్లు చేరినవారిలో కొందరు ఈ పాఠాలతో కాలక్షేపం చేశారు. 1985లో బెళుగుప్ప మండల కేంద్రమై కార్యాలయాలు వచ్చాక, ప్రమోషన్ కోసం డిగ్రీ కావలసిన పడుచు ఉద్యోగులకూ ఇది ఆశ చూపింది.

ఆ ఆశతో దూకినవారిలో కొందరికి ఎదురుదెబ్బ తగిలింది. పదోన్నతి ఫైలు కదిలినప్పుడు, ‘డిగ్రీ ఉంది సరే, ఇంటర్ ఏదీ?’ అన్న ప్రశ్న. మధ్య మెట్టు ఎక్కకుండా పై మెట్టు ఎక్కినవాడు మళ్ళీ క్రిందికి దిగి, నలభై దాటిన వయస్సులో, కొడుకు వయస్సు పిల్లల మధ్య కూర్చొని ఇంటర్ వ్రాశాడు. అన్నామలై విశ్వవిద్యాలయానికి సంబంధించిన కేసులో 2009లో సుప్రీంకోర్టు, తొలి డిగ్రీ లేకుండా సార్వత్రిక పద్ధతిలో పొందిన పి.జి. పట్టా చెల్లదన్నది. అది పై స్థాయి సంగతి అయినా, మెట్లు దాటి వచ్చిన చదువును కార్యాలయాలు ఏ కంటితో చూశాయో దాన్నిబట్టి గ్రహించవచ్చు. ప్రభుత్వమే తెరిచిన తలుపు గుండా లోపలికి వచ్చినవాడిని దొడ్డిదారిన వచ్చినట్లు నిలదీయడం అన్యాయమని నా అభిప్రాయం.

ఖాళీగా మిగిలిన ఆ మధ్య మెట్టు మీదకు దూరవిద్య చాలా ఆలస్యంగా వచ్చింది. 1989లో జాతీయ సార్వత్రిక పాఠశాల, 1991లో రాష్ట్ర సార్వత్రిక పాఠశాల ఏర్పడినా, రాష్ట్ర సంస్థ ఇంటర్ ప్రారంభించినది 2010-11లో. దీనిలో పుస్తకాలు ఇస్తారు, సెలవు రోజుల్లో తరగతులు నడుపుతారు, ఒక్కొక్క సబ్జెక్టు చొప్పున ఐదేళ్ళలో పూర్తి చేసుకోవచ్చు. అర్థశాస్త్రంతోపాటు భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు కూడా తీసుకోవచ్చు, ప్రయోగాలతో సహా. మొన్న మా వీధిలో ఒక కోడలు పిల్ల ఆ దరఖాస్తు నింపిపెట్టమని తెచ్చింది. అలవాటు చొప్పున అర్థశాస్త్రం గడిలో టిక్కు పెట్టబోయాను. ‘ఆగు పెద్దనాయనా, నాకు బయాలజీ కావాల’ అన్నది.