గుర్రపు వాతం నుంచి 108 దాకా: కృష్ణా డెల్టాలో మొదటి ఆలస్యం

దివిసీమ అనగానే 1977 నవంబర్ 19 ఉప్పెన గుర్తొస్తుంది. ఒక్క రాత్రిలో వేల మంది పోయారు. ఈ ఎపిసోడ్ మాత్రం చప్పుడు లేని చావుల గురించి. ఒక్కో ఇంట్లో, ఒక్కో తల్లి.

మాది గుడివాడ. మా అమ్మమ్మ "గుర్రపు వాతం" అనేది. నెలలు నిండిన మనిషికి ఫిట్స్ వస్తే పెద్దవాళ్లు అన్న పేరు అది. డాక్టర్లు ఎక్లాంప్సియా అంటారు. ఇక్కడ ఒకటి గమనించండి. ఫిట్స్‌కి పేరుంది. వాటికి ముందొచ్చే విపరీతమైన తలనొప్పికి, చూపు మసకబారడానికి, ముఖం వాపుకి పేరు లేదు. "నీరు పట్టిందిలే, మామూలే" అనేసేవాళ్లు.

1994లో సెరీన్ తడ్డియస్, డెబొరా మెయిన్ అనే ఇద్దరు పరిశోధకులు తల్లుల మరణాల వెనక మూడు ఆలస్యాలు ఉంటాయని రాశారు. ఇంట్లో నిర్ణయం, దారి, ఆసుపత్రిలో వైద్యం.

ముందు దారి సంగతి. దివిసీమ కృష్ణ పాయల మధ్య ఉంది. అవనిగడ్డ నుంచి మచిలీపట్నం 30 కిలోమీటర్లకు పైనే. ఎదురుమొండి దీవుల వాళ్లయితే ముందు పడవెక్కాలి. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలో 108 మొదలైంది. ఆసుపత్రిలో కాన్పుకి డబ్బు సాయం చేసే జననీ సురక్ష కూడా అదే ఏడాది వచ్చింది. ఇక వైద్యం. చవకైన మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్ ఫిట్స్ ముప్పుని సగానికి పైగా తగ్గిస్తుందని 2002లో మాగ్‌పై ట్రయల్ తేల్చింది.

2004-06లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లక్ష జననాలకు 154 మంది తల్లులు చనిపోయేవారు. 2018-20 నాటికి ఇప్పటి ఆంధ్రలో అది 45.

మరి మొదటి ఆలస్యం? 108 తనంతట తాను రాదు కదా. ఇంట్లో ఎవరో ఒకరు "ఇది మామూలు కాదు" అనాలి. రక్తం పోవడం, ఉమ్మనీరు పోవడం, జ్వరం, ఆయాసం, బిడ్డ కదలిక తగ్గడం, ఇందాక చెప్పిన తలనొప్పి, చూపు, వాపు. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు.

ప్రమాద లక్షణాలు గర్భిణికి ఇచ్చే కార్డులోనే ఉంటాయి. కార్డు ఆమె చేతిలో ఉంటుంది, బయల్దేరే నిర్ణయం మాత్రం చాలా ఇళ్లలో అత్తగారిదీ భర్తదీ. అందుకే ఆ పేజీ ఈ రాత్రే ఇంట్లో అందరికీ చదివి వినిపించండి. దీవుల్లో ఉన్నవాళ్లు నెలలు నిండకముందే ఒడ్డుకి వచ్చేయండి.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.