ఉప్పెన నాడు తెరిచిన తలుపులు



చేలో పనిమీద ఉండగా నల్లమబ్బు కమ్ముకొని, ఈదురుగాలి లేచి, పెళపెళమని ఉరిమితే ఏం చేస్తాం? చేతిలో పని అక్కడే వదిలి, దగ్గరలో కనబడిన ఇంటి అరుగు మీదికి పరుగు తీస్తాం. ఆ ఇల్లు మనది కానక్కరలేదు. "ఎవరు బాబూ, తడిసిపోతున్నావు, లోపలికి రా" అన్న మాట మన పల్లెల్లో అడగకుండానే వినబడుతుంది. ఊరేది, కులమేది అన్న ప్రశ్నలు ఆ తరువాత వస్తాయి. అసలు రావని మాత్రం నేను చెప్పలేను. వాన వెలిసిన తరువాత మనం అడగకుండా ఉంటామా!

ఆ తలుపు తెరవడమే ప్రాణదానమైన రోజు ఒకటి మన కృష్ణా డెల్టా చరిత్రలో ఉన్నది. అది 1977 నవంబరు 19, శనివారం.

అప్పటికి విశాఖ కార్తె వెళ్ళి అనూరాధ కార్తె వస్తున్నది. సార్వా వరి పండి కోతకు సిద్ధంగా ఉన్నది. పులిగడ్డ దగ్గర కృష్ణ పాయలుగా చీలి సముద్రంలో కలిసే ఆ లంకభూమినే దివిసీమ అంటాం. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు ఆ సీమలోవే. బంగాళాఖాతంలో పుట్టిన తుపాను మొదట పడమరగా నడిచి, ఆ పైన ఉత్తరానికి మళ్ళి, ఆ సాయంత్రం చీరాల ప్రాంతంలో తీరం దాటినది. గాలి గంటకు రెండువందల కిలోమీటర్ల జోరున వీచినది.

తీరం దాటినది చీరాల దగ్గర గదా, దివిసీమ ఎందుకు మునిగినదని మీరు అడగవచ్చు. మన అర్ధగోళంలో తుపాను గాలి అపసవ్యంగా, అంటే గడియారపు ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. తూర్పునుంచి వచ్చే తుపానుకు దక్షిణపు పక్క గాలి నేలమీదినుంచి సముద్రంలోకి వీస్తే, ఉత్తరపు పక్క గాలి సముద్రాన్ని నేలమీదికి తోస్తుంది. దివిసీమ ఆ ఉత్తరపు పక్కన పడినది. అక్కడ సముద్రం లోతు తక్కువ, నేల చాప పరచినట్లు చదును. తోసిన నీటికి వెనక్కు పోయే దారి లేదు. తాటిచెట్టు సగం ఎత్తున లేచిన నీటిగోడ ఊళ్ళ మీదికి నడిచి వచ్చినది. పాలకాయతిప్ప, సొర్లగొంది వంటి తీరపు ఊళ్ళలో గుడిసె అన్నది మిగలలేదు. చనిపోయినవారు పదివేలని సర్కారు లెక్క. ఇంకా చాలా ఎక్కువని ఆ సీమవారి మాట. పశునష్టం లక్షల్లోకి వెళ్ళినది. ఆ తీరానికి ఇది కొత్తకాదు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరును ముంచిన ఉప్పెనలో 30 వేలమంది పోయినారు.

ఆ సాయంత్రం బతికినవారు ఎట్లా బతికినారు? కొందరు తాటిచెట్లను, తుమ్మకొమ్మలను కరచుకొని. ముళ్ళు దిగిన ఒళ్ళతో తెల్లవార్లూ వేళ్ళాడి, పక్కన కొట్టుకుపోతున్న మనిషి చెయ్యి అందితే పట్టుకొని. మరికొందరు ఊళ్ళో ఉన్న ఒకటి రెండు డాబాలు, గుళ్ళు, బడులలోకి చేరి. ఆ డాబా ఎవరిదో, ఆ గుడిలోకి మామూలు రోజుల్లో ఎవరికి ప్రవేశం ఉన్నదో ఆ గంటలో ఎవరు చూస్తారు? ఆ తలుపులు తెరిచినవారి పేర్లు ఏ రికార్డులోనూ ఎక్కలేదు. చందాలిచ్చినవారి పేర్లు ఎక్కినవి గాని, తడిసిన పరాయిబిడ్డకు పొడిబట్ట చుట్టిన తల్లి పేరు ఎవరు రాస్తారు?

తరువాత కదిలినది బయటి లోకం. దారులన్నీ చెట్లు కూలి, నీళ్ళు నిలిచి మూసుకుపోయినవి. విజయవాడ మొదలైన పట్టణాలనుంచి అన్నం పొట్లాలు, బట్టలు, మందులు బయలుదేరినవి. అన్నిటికంటె కష్టమైన పని శవాలది. రోజులు గడిచి ఉబ్బిపోయిన ఆ శవాలను తాకడానికి సొంతవాళ్ళే వెనుదీసిన స్థితి. ఆ పనికి చెయ్యివేసినవారిలో విజయవాడ పటమటనుంచి వచ్చిన నాస్తిక కేంద్రం వారున్నారు, ఆర్.ఎస్.ఎస్. స్వయంసేవకులున్నారు, విద్యార్థులున్నారు. క్రైస్తవ సంస్థలు, రామకృష్ణ మిషన్ సహాయ కార్యక్రమాలకు దిగినవి. మదర్ థెరిసా వచ్చి చూచినారు. దేవుడు లేడనేవారు, ఉన్నాడనేవారు ఒకే బురదలో దిగి పనిచేసినారు. చనిపోయిన మనిషిది ఏ మతమని శవాన్ని అడిగినవాడు లేడు. ఆ సీమ నాయకుడు మండలి వెంకటకృష్ణారావు బాధితుల వెంట నిలిచి చేసిన సేవను దివిసీమ ఈనాటికీ చెప్పుకొంటున్నది. నందమూరి తారక రామారావు, అక్కినేని నాగేశ్వరరావు వంటి నటులు జోలె పట్టి వీధివీధీ తిరిగి విరాళాలు పోగుచేసినారు. ఆ జోలెలో రూపాయి వేసినవాడు దివిసీమను ఎన్నడూ చూచి ఉండడు.

రైతుకు మరొక కష్టం మిగిలినది. చేలలో ఉప్పునీరు నిలిచి నేల చౌడెక్కినది. దానికి మందు మంచినీరే. గట్లు గట్టిచేసి, కాలువనీరు నిండా పెట్టి, ఉప్పు కరిగిన తరువాత మురుగుకాలువలోకి తీసివెయ్యాలి. అట్లా ఒక్కసారి కాదు, మళ్ళీ మళ్ళీ. ఎడ్లు పోయినవాడికి అరక కావాలి, గాదె కొట్టుకుపోయినవాడికి విత్తనం కావాలి. ఇవి ఎరువు తెచ్చుకొన్నట్లు తెచ్చుకొనేవి కావు, ఒకరు పిలిచి ఇవ్వవలసినవి.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్పనివ్వండి. దివిసీమలో దయకు కరువు రాలేదు, పక్కా కప్పుకు కరువు వచ్చినది. తలుపు తెరిచేవాడున్నా, తెరవడానికి గట్టి తలుపున్న ఇల్లు ఊరికి ఎన్ని? ఎక్కువగా పోయినది గుడిసెల్లో ఉన్న జాలరులు, కూలిజనం. ఆ తరువాత తీరం పొడుగునా తుపాను షెల్టర్లు లేచినవి, హెచ్చరికలు ఊరూరికీ చేరే ఏర్పాటు మెరుగుపడినది. 1990 మే 9న దాదాపు అంతటి తుపానే కృష్ణ ముఖద్వారం దగ్గర మళ్ళీ తాకినప్పుడు ప్రజలను ముందే పెద్దఎత్తున తరలించినారు. చనిపోయినవారు వెయ్యికి లోపే.

పిడుగుల సంగతీ ఇంతే. 2018 ఏప్రిల్ 24న మన రాష్ట్రంలో 13 గంటలలో 36,749 పిడుగులు పడినట్లు లెక్క తేలినది. మబ్బు పట్టినప్పుడు దారినపోయే కూలీలు మీ చేలో తాటిచెట్టు కిందికి చేరుతుంటే ఊరకే చూడకండి. కేకవేసి పక్కా ఇంట్లోకి పిలవండి. ఒంటరి చెట్టు, రేకుల పాక, తెరపి పొలం మూడూ ప్రమాదమే. చివరి ఉరుము విన్న తరువాత అరగంట దాకా వారిని పంపకండి.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగునగరం మునిగినప్పుడు, ప్రకాశం బరాజు మీదుగా 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద పారుతుండగా, డాబాల మీద చిక్కుకొన్నవారికి పడవల మీద, డ్రోనుల మీద అన్నం, నీళ్ళు అందినవి. ఒకనాడు దివిసీమకు పొట్లాలు పంపిన పట్టణం ఈసారి పొట్లం కోసం చెయ్యి చాచినది.

ఈ వారం మీ ఊరి తుపాను షెల్టరు దగ్గరికి ఒకసారి వెళ్ళి చూడండి. లోపల ధాన్యం బస్తాలున్నవో, ఖాళీగా ఉన్నదో, తాళంచెవి ఎవరి దగ్గర ఉన్నదో, ఆ మనిషి రాత్రివేళ ఊళ్ళోనే ఉంటాడో కనుక్కోండి. సెలవు.