యుద్ధం నెల రోజులు, అత్యవసరం అయిదేళ్లు



మా అక్క పెళ్లి 1963 వేసవిలో నెల్లిమర్లలోనే జరిగింది. ముహూర్తానికి రెండు రోజుల ముందు కంసాలి తాత కొత్త గొలుసు తెచ్చి తలెత్తకుండా అమ్మ చేతిలో పెట్టాడు. చూస్తే దానికి ఇత్తడి కళ! అమ్మ మొహం మాడిపోయింది. “ఏటి సెయ్యమంటావమ్మా, పద్నాలుగు కేరట్లు దాటి నగ సేస్తే నన్ను జైల్లో ఎట్టేస్తారట” అన్నాడు తాత. మనం వాడే ఇరవైరెండు కేరట్ల నగలో నూటికి 91 పాళ్లకు పైగా బంగారం ఉంటే, పద్నాలుగు కేరట్లలో 58 పాళ్లే. మిగిలింది రాగీ వెండీనూ.

కంసాలిని జైల్లో పెట్టే ఆ రూలు ఎక్కడిదో పెద్దయ్యాక చదువుకుంటే గాని నాకు తెలియలేదు. అది మామూలు చట్టం కాదు. దేశ రక్షణ నిబంధనల్లోది. అంటే చైనా యుద్ధం కోసం పుట్టిన అధికారమన్నమాట.

1962 అక్టోబరు 20న చైనా సేనలు మనమీద విరుచుకుపడ్డాయి. 26న రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు అత్యవసర పరిస్థితి ప్రకటించారు. అలా ప్రకటించడం దేశంలో అదే మొదటిసారి. అది తప్పని నేననను. అప్పుడు ఊరూరా ఆడవాళ్లు రక్షణ నిధికి గాజులు తీసి ఇచ్చారు. మా అమ్మా ఒక జత ఇచ్చింది, సంతోషంగానే ఇచ్చింది. నవంబరు 21న చైనా తనంతట తానే కాల్పులు ఆపేసింది. యుద్ధం సరిగ్గా నెల రోజులు.

బంగారం రూలు వచ్చింది 1963 జనవరిలో. అప్పటికి తుపాకులు ఆగి ఏడు వారాలైంది!

పెళ్లికి వేసిన పందిరిని పదహారు రోజుల పండగ కాగానే విప్పేస్తాం కదా. ఈ పందిరిని ఎవరూ విప్పలేదు. ఎందుకంటే, అప్పటి రాజ్యాంగంలో ప్రకటనను రెండు నెలల్లోగా పార్లమెంటు ఒక్కసారి ఆమోదిస్తే చాలు. మళ్లీ అడగనక్కర్లేదు, గడువంటూ లేదు. దేశ రక్షణ చట్టమూ అంతే, అత్యవసరం ఉన్నన్నాళ్లూ, ఆ పైన ఇంకో ఆరు నెలలూ అమల్లో ఉంటుంది. 1965లో పాకిస్తాన్‌తో యుద్ధం వస్తే కొత్తగా ప్రకటించే అవసరమే రాలేదు, పాతదే ఉంది మరి. చైనా పేరుతో పెట్టిన నిబంధనల కిందే 1964 చివర కమ్యూనిస్టు నాయకులను నిర్బంధించారు. అలా నిర్బంధంలో ఉన్నవాళ్ల మొర కోర్టులు వినవచ్చా అన్న వివాదం 1963లోనే సుప్రీంకోర్టుకెళ్లింది. అక్కడ తక్కిన న్యాయమూర్తులతో ఏకీభవించక వేరుగా తీర్పు రాసినవారు మన రాజమండ్రి కోకా సుబ్బారావుగారు.

ఆ పందిరి విప్పింది 1968 జనవరి 10న. అయిదేళ్ల రెండు నెలల పైచిలుకు. ఈలోగా పద్నాలుగు కేరట్ల నిషేధాన్ని 1966లో ఎత్తేశారు. కానీ బంగారం మీద అదుపు పోలేదు. 1968లో దానికి వేరే చట్టమే చేశారు. అది రద్దయింది 1990లో! ఈ మధ్యలో ఎన్ని కంసాలి కుంపట్లు చల్లారిపోయాయో. మా తాత కొడుకు కుంపటి వదిలేసి జూట్ మిల్లులో చేరాడు.

రెండోసారి 1971 డిసెంబరు 3. పాకిస్తాన్ విమానాలు మన విమానాశ్రయాల మీద దాడి చేసిన రోజు. ఆ రాత్రే విశాఖ దగ్గర సముద్రంలో ఘాజీ జలాంతర్గామి మునిగింది. ఇక్కడ మేం కిటికీలకు నల్లకాగితాలు అంటించి, లాంతరు మంచం కింద పెట్టుకుని కూర్చున్నాం. ఈసారి సంతకం చేసినవారు వి.వి. గిరిగారు. 1937లో బొబ్బిలి రాజాను ఓడించి, 1952లో పాతపట్నం నుంచి గెలిచిన గిరిగారు మనకు ఇంటిమనిషి. యుద్ధం డిసెంబరు 16న ముగిసింది, రెండు వారాలైనా లేదు. 1972లో సిమ్లా ఒప్పందమూ అయింది. అత్యవసరం మాత్రం పోలేదు. 1974 మేలో రైల్వే కార్మికులు సమ్మె చేస్తే, అది చట్టవిరుద్ధమని చెప్పింది ఆ దేశ రక్షణ నిబంధనల కిందే. అప్పటికి గిరిగారు రాష్ట్రపతిగానే ఉన్నారు. 1928లో మా ఊరి మీదుగా పోయే బెంగాల్ నాగపూర్ రైల్వేలో సమ్మె నడిపించినాయన ఆయనే! ఆ మే నెలలో ఆయన మనసులో ఏమనుకున్నారో.

1975 జూన్‌లో ఇందిరాగాంధీ ప్రభుత్వం పెట్టించిన ఎమర్జెన్సీ అందరికీ తెలుసు. పాతది ఇంకా ఉండగానే దానిమీద ఇంకొకటి వేశారన్నది చాలామందికి తెలియదు. రెండూ 1977 మార్చిలో పోయాయి.

తర్వాత రాజ్యాంగానికి 44వ సవరణ చేశారు. దానిమీద 1979లో సంతకం పెట్టింది కూడా తెలుగువారే, నీలం సంజీవరెడ్డిగారు. ఇప్పుడు మంత్రివర్గం రాతపూర్వకంగా చెబితేనే ప్రకటన. నెలలోగా పార్లమెంటు ఒప్పుకోవాలి. అందులో హాజరైనవారిలో మూడింట రెండు వంతులు, మొత్తం సభ్యుల్లో సగానికి పైగా కావాలి. ఆరు నెలలకోసారి మళ్లీ అలాగే ఒప్పించాలి. లోక్‌సభ వద్దంటే ఎత్తేయాలి. ప్రాణానికీ స్వేచ్ఛకూ ఉన్న హక్కును కోర్టులో అడగకుండా ఆపడానికి వీల్లేదు.

గడువు పెడితే చాలదనీ అనిపిస్తుంది. అమెరికాలో ఏడాదికోసారి పొడిగించాలన్న నియమం ఉంది. ఇరాన్ విషయంలో 1979 నవంబరులో ప్రకటించినదాన్ని నలభై ఏళ్లకు పైగా ఏటా పొడిగిస్తూనే వచ్చారు. పొడిగించేది అధ్యక్షుడి సంతకమే. మన దగ్గర సభలో చేతులు లేవాలి. తేడా అక్కడుంది.

అక్క గొలుసు ఇప్పుడు నా దగ్గరుంది. మొన్న విజయనగరంలో ఒక దుకాణంలో మెషిన్ కింద పెట్టించాను. కుర్రాడు చూసి, “పద్నాలుగేనండీ అమ్మా, ఎవరో మోసం చేశారు మీకు” అన్నాడు.

కంసాలి తాత మీద ఆ మాట పడనివ్వబుద్ధి కాలేదు. కూర్చోబెట్టి ఈ కథంతా చెప్పాను.