అగ్గిపుల్లకు చెల్లిన వెల

సంధ్యాదీపము వెలిగించుటకు అగ్గిపెట్టె తీయు ఇల్లాలికి అది వింతగా తోచదు. చెకుముకిరాయితో దూది రగిల్చుట, కుంపటిలో నివురు కప్పి నిప్పు దాచుట, అది ఆరినచో పిడక పట్టుకొని పొరుగింటికి పోవుట మన పూర్వులు ఎరిగిన పనులు. ఆ శ్రమను తీర్చినది రసాయనశాస్త్రము. అందుకు కొందరు చెల్లించిన వెలను గూర్చి శ్రోతలకు మనవి చేయదలచితిమి.

1805లో పారిస్ నగరమున షాన్సెల్ అను నాతడు పొటాసియం క్లోరేటు, చక్కెర, గంధకము, జిగురు కలిపి పుల్ల కొనకు అద్దెను. గంధకికామ్లపు బుడ్డిలో ముంచి తీసినచో అది భగ్గుమనెడిది. ఆ బుడ్డిని జేబులో వేసికొని తిరుగగల ధైర్యవంతులు ఎందరుందురో!

ఆమ్లముతో పనిలేని పుల్లను 1827లో ఇంగ్లండునందలి స్టాక్టన్ పట్టణపు మందుల వర్తకుడు జాన్ వాకర్ అమ్మకమునకు పెట్టెను. మడిచిన గరుకు కాగితము నడుమ పెట్టి లాగినచో అది మండెడిది. ఏప్రిల్ 7న జరిగిన అమ్మకము ఆయన చిట్టాలో కలదు. పేటెంటు మాత్రము ఆయన తీసికొనలేదు.

వాకర్ పుల్ల ఒక్కొక్కప్పుడు మొండికెత్తెడిది. 1830 ప్రాంతమున ఫ్రాన్సులో షార్ల్ సోరియా తెల్ల భాస్వరము చేర్చి, ఎచ్చట గీచినను మండు పుల్లను చేసెను. లోకము దానిని కన్నుల కద్దుకొనెను. కాని తెల్ల భాస్వరము విషము. దాని ఆవిరి పీల్చిన కార్మికులకు మొదట పంటిపోటు, పిదప చిగుళ్ల వాపు, తుదకు దవడ ఎముక కుళ్లుట సంభవించెను. 1845లో వియన్నా వైద్యుడు లోరిన్సర్ ఈ వ్యాధిని వర్ణించెను.

విచిత్రమేమనగా, విరుగుడు కూడ కొద్ది ఏండ్లలో అదే నగరమున దొరికినది. ష్రోటర్ అను శాస్త్రజ్ఞుడు తెల్ల భాస్వరమును గాలి సోకకుండ కాచి, ఆ విషగుణము లేని ఎర్ర భాస్వరముగా మార్చెను. 1855 నాటికి స్వీడనులో లుండ్‌స్ట్రోమ్ సోదరులు ఎర్ర భాస్వరమును పుల్లకు గాక పెట్టె ప్రక్కకు పూసి అమ్మసాగిరి. నేటి మన అగ్గిపెట్టెయు ఆ పద్ధతిదే.

మరి పాత పుల్ల పోయెనా? పోలేదు. అది చౌక. 1888లో లండనులోని బ్రయంట్ అండ్ మే కర్మాగారమున సుమారు 1,400 మంది స్త్రీలు, బాలికలు సమ్మె చేసిరి. జరిమానాలతోబాటు, భాస్వరపు గాలిలోనే భోజనము చేయవలసి వచ్చుట వారి ఫిర్యాదులలో నొకటి. యజమానులు భోజనమునకు వేరు గది ఇచ్చుటకు ఒప్పుకొనిరి; భాస్వరమును మాత్రము అప్పట్లో మానలేదు.

1906లో బెర్న్ నగరమున కొన్ని దేశములు నిషేధపు ఒడంబడిక చేసికొనెను. మన దేశమున తెల్ల భాస్వరపు అగ్గిపుల్లలను నిషేధించు చట్టము 1913లో వచ్చినది. లోరిన్సర్ వర్ణనకును దీనికిని నడుమ 68 ఏండ్లు గడచినవి.